కెమెరాలో జీపీఎస్ లేకపోయినా తిమింగలాల తోక ఫొటోలు పనికొస్తాయి

బోస్టన్ దగ్గర స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతంలో టూరిస్టు పడవ మీంచి తీసిన హంప్‌బ్యాక్ తిమింగలాల ఫొటోలు, కెమెరాలో జీపీఎస్ లేదు కాబట్టి పరిశోధనకు పనికిరావేమోనని అడిగారు కదండీ. టెన్షన్ వద్దు, వాటిని తీసేయకండి. అదే సమయంలో ఫోన్‌తో ఒక్క ఫొటో తీసి, లొకేషన్ ఆన్‌లో ఉంటే అందులో చోటు నమోదై ఉంటుంది. కెమెరా టైముకూ ఫోన్ టైముకూ తేడా ఉంటే సరిచేసుకోండి. అదీ లేకపోతే తేదీ, ట్రిప్పు సమయం చెప్పి పడవవాళ్లనే అడగండి.

తర్వాత, జనం పంపే ఫొటోలతో తిమింగలాలను గుర్తుపట్టే హ్యాపీవేల్ సైట్‌లో పెట్టండి. తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు వేలిముద్రల్లాంటివి. సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చి, అదే తిమింగలం ముందెక్కడ కనిపించిందో వెతుకుతుంది. వేసవిలో అక్కడ మేసేవి చలికాలంలో కరీబియన్‌కు వెళ్తాయి, మీ ఫొటో ఆ ప్రయాణంలో ఒక మజిలీని పట్టివ్వవచ్చు. కాస్త మసకగా ఉన్నా పెట్టండి. ఫొటోల సంఖ్యను బట్టి మాత్రం తిమింగలాలు పెరిగాయని లెక్కకట్టకండి, పడవలు అవి ఉండే చోటికే వెళ్తాయి.