సమాధానం: పిచ్ బటన్ కనబడటం లేదు, 14 నిమిషాల పాటను ఎలా జనంలోకి తీసుకెళ్లాలి?

ఆల్బమ్ శుక్రవారమే విడుదలైపోయిందన్నారు కదా, అందుకే పాటను స్పాటిఫై ప్లేలిస్ట్ ఎడిటర్లకు పంపే (పిచ్ చేసే) బటన్ లేదు. కళాకారుల కోసం స్పాటిఫై పెట్టిన స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ఇంకా విడుదల కాని పాటనే పిచ్ చేయనిస్తారు, అదీ ఒకసారికి ఒక్కటే. కనీసం 7 రోజుల ముందు పంపితే మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లోకి, అంటే కొత్త పాటల ప్లేలిస్ట్‌లోకి, వస్తుంది. నేనైతే 4 వారాలు పెట్టుకుంటాను.

ఇప్పుడు చేయాల్సింది: ఆ పెద్ద పాటను 4 నిమిషాలకు కోసి, సింగిల్‌గా కొత్త తేదీకి పెట్టి పిచ్ చేయండి. కోసిన దానికి కొత్త ఐఎస్‌ఆర్‌సీ (ప్రతి రికార్డింగ్‌కూ ఇచ్చే గుర్తింపు కోడ్) కావాలి. పాత కోడ్ ఎక్కించారో, రెండూ ఒకే పాటగా కలిసిపోయే ప్రమాదం ఉంది. 30 సెకన్లు విన్నాకే ఒక స్ట్రీమ్ లెక్క. కాబట్టి మొదట్లో ఒకటిన్నర నిమిషం గాలిశబ్దం, సింథ్ తీసేసి, తిన్నగా 7/8 తాళంలో తిరిగి తిరిగి వచ్చే ఆ గిటార్ వరసతో (రిఫ్) మొదలుపెట్టండి. మనసొప్పదని తెలుసు. పూర్తి పాట ఆల్బమ్‌లో ఎలాగూ ఉంది కదా!

ఇక ఆల్బమ్‌లో ఆగకుండా కలిసి సాగే 3, 4 పాటల మధ్య టక్కుమనే శబ్దం వస్తోందన్నారు, దాని సంగతి. ఎంపీ3 చేసినప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. అందుకే కుదించని వేవ్ (WAV) ఫైళ్లే ఇవ్వండి. సీడీ కూడా వేస్తుంటే రెండు పాటల మధ్య కోత 588 శాంపిళ్ల (డిజిటల్ ధ్వనిలో అతి చిన్న ముక్కలు) గుణిజం మీద పడాలి, సీడీలో ఒక ఫ్రేమ్ అంటే అన్ని శాంపిళ్లే.

విజయనగరంలో లాంచ్ షో దసరా తర్వాతి మంగళవారం మాత్రం వద్దు. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం రోజు మీ డ్రమ్ కిట్ ఆటో కోట జంక్షన్ దాటదు.