పక్క చేలో టేకు పచ్చగా ఉంది, మాది ఎందుకు ఎండుతోంది?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర ఎర్రనేల. మూడేళ్ల కింద నర్సరీలో 'నీలంబూరు టేకు' అని చెబితే 200 మొక్కలు తెచ్చి గట్ల వెంట నాటాను. మొదటి ఏడాది బాగా ఎదిగాయి. తర్వాత ప్రతి వేసవిలో కొనలు ఎండిపోయి, వానలు పడ్డాక కింద నుంచి చిగురిస్తున్నాయి. పక్క చేలో నల్లమల గింజతో పెంచిన మొక్కలు పొట్టిగానే ఉన్నా ఒక్క కొన ఎండలేదు. నన్ను మోసం చేశారా? పీకేయమంటారా?

జవాబు: మోసమే అనుకోనక్కర్లేదు. నర్సరీవాళ్లు నిజమే చెప్పినా ఇలా జరగొచ్చు. కేరళలోని నీలంబూరులో 1840లలోనే టేకు తోటలు వేశారు, ఆ పేరుకు గిరాకీ అందుకే. కానీ అక్కడ ఏడాదికి 2,500 మి.మీ. పైనే వాన పడుతుంది. మీకు 550 దాటితే గొప్ప.

జాతి ఒకటే అయినా, ఎక్కడి చెట్టు అక్కడి వానకు అలవాటు పడి ఉంటుంది. నల్లమల లాంటి ఎండు అడవిలో కరువుకు తట్టుకోలేని పిల్లమొక్కలు చచ్చిపోతాయి, బతికినవే గింజ పెడతాయి. తరతరాలుగా ఇలా జరిగేసరికి ఆకు ఎప్పుడు రాల్చాలి, వేరుకెంత, కాండానికెంత అన్న లెక్క గింజలోనే స్థిరపడుతుంది. ఇది ఏదో ఒక్క జన్యువు పని కాదు, చాలా జన్యువులు తలా కాస్త చేసే పని. కెనడాలో పైన్, స్ప్రూస్ అనే రెండు రకాల చలిప్రాంతపు చెట్లను పరిశీలిస్తే, వాతావరణానికి సర్దుకోవడంలో రెండింటికీ ఉమ్మడిగా 47 జన్యువులు 2016లో బయటపడ్డాయి. అవి రెండింటిలో కలిసినవి మాత్రమే! కాబట్టి 'కరువు జన్యువున్న టేకు' అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

అయితే నెపమంతా గింజ మీదే వేసే ముందు, ఎండిన మొక్క పక్కన మూడడుగుల గుంత తీసి చూడండి. కింద రాతి పొర తగిలితే ఏ గింజైనా ఇబ్బందే.

పీకొద్దు. టేకు మోడు నుంచి బాగా చిగురిస్తుంది. సగానికి పైగా ఎండినవాటిని తొలకరికి ముందు నేలకు దగ్గరగా కోసి, వచ్చిన చిగుళ్లలో బలమైనది ఒక్కటే ఉంచండి. వేసవిలో పాదులకు ఆకులూ చెత్తా కప్పి, వీలైతే నెలకు రెండు తడులివ్వండి.

పూర్తిగా చచ్చినచోట మీలాంటి ఎండు ప్రాంతపు గింజ మొక్కలే వేయండి. గింజ మీరే సేకరిస్తే ఒక్క చెట్టు కింద ఏరుకోకండి. దూరదూరంగా ఉన్న 20-25 మంచి చెట్ల నుంచి తీసి కలపండి. టిష్యూ కల్చర్ మొక్క కొన్నా అడగాల్సింది అదే ప్రశ్న, తల్లి చెట్టు ఏ ఊరిది అని.