మూడో లైను దగ్గర ఆగిన పెన్ను

అమ్మలూ,

నీకు సీటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! "అంత పెద్ద యూనివర్సిటీలో పిల్ల తప్పిపోతుందేమో అక్కా" అని దిగులు కూడా పడ్డాడు. వాడి దిగులు దారుల గురించీ బిల్డింగుల గురించీ. అవి వారంలో అలవాటైపోతాయి. నా దిగులు వేరు. అన్ని వేలమంది మధ్య ఎవరి కంటా పడకుండా ఒక సెమిస్టర్ మొత్తం గడిపేయడం చాలా తేలిక.

ఇన్నాళ్లూ నువ్వు ఒకరోజు రాకపోతే టీచర్ అడిగేవారు. మార్కులు తగ్గితే ఇంటికి కబురొచ్చేది. అక్కడ మూడు వందల మంది కూర్చునే హాల్లో నీ కుర్చీ ఖాళీగా ఉన్నా పాఠం ఆగదు. మాస్టార్లకు పట్టింపు లేక కాదు, ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వచ్చే వీలు వాళ్లకి ఉండదు. కాబట్టి నువ్వే వెళ్లాలి. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

నా మొదటి సెమిస్టర్‌లో లెక్కల క్లాసుకి ఒక్కరోజు కూడా మానలేదు. బోర్డు మీద రాసిందల్లా నోట్సులోకి ఎక్కించేదాన్ని. మొదటి పరీక్షలో ఇరవైకి నాలుగొచ్చాయి. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు మేడం గది దాకా వెళ్లి, తలుపు ఓరగా తెరిచే ఉన్నా లోపలికి వెళ్లే ధైర్యం చాలక బయట బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆవిడే చూసి పిలిచారు.

"ఎక్కడ అర్థం కాలేదు?" అన్నారు. "అంతా మేడం" అన్నాను.

ఆవిడ నా నోట్సు మూసి తన వైపు పెట్టుకుని, ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపారు. "లిమిట్ అంటే ఏంటో నీకు తెలిసినంత రాయి" అన్నారు. రెండు లైన్లు రాశాను. మూడో లైను మధ్యలో పెన్ను ఆగిపోయింది. ఆగిన చోట ఎర్ర పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి, "అంతా కాదమ్మా, ఇదొక్కటే" అన్నారు. ఆ ఒక్కటీ పది నిమిషాల్లో చెప్పేశారు.

అప్పటినుంచీ చదవడం అంటే నాకు ఆ తెల్లకాగితమే. నోట్సు నాలుగుసార్లు తిరగేస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే కళ్లకి అది పరిచయమైపోతుంది. మూసేసి రాస్తేనే ఎక్కడ ఖాళీ ఉందో బయటపడుతుంది. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకి దాదాపు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం. పరీక్ష ముందురాత్రి పదేపదే చదివినవాళ్లకి మర్నాడు బాగానే రాశామనిపించి, సెమిస్టర్ చివర్లో అంతా కొత్తగా కనిపించేది ఇందుకే.

మధ్యలో ఎడం ఇవ్వడం కూడా అంతే ముఖ్యం. ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు కూర్చునే బదులు, రోజుకో గంట చొప్పున ఐదు రోజులు కూర్చో. ఈ సంగతిని 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల వరసలు తనే బట్టీపట్టి, తన మీదే పరీక్షించుకుని రాసిపెట్టాడు.

టైం గురించి ఒక లెక్క చెప్తాను. టైంటేబుల్‌లో వారానికి పదిహేను గంటలే క్లాసులు కనిపిస్తే మిగతాదంతా ఖాళీ అనుకోకు. యూరప్ యూనివర్సిటీల్లో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని అని లెక్క కడతారు. అందులో క్లాసులో కూర్చునేది కొంత భాగమే. అమెరికాలో మామూలుగా క్లాసులో ఒక గంటకి బయట రెండు గంటలు అంటారు. ఆ లెక్కన పదిహేను గంటల క్లాసులంటే వారానికి నలభై ఐదు గంటల పని. అది ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

మళ్లీ ఆ గది తలుపు దగ్గరికే వస్తాను. తర్వాత చాలా ఏళ్లు నేనూ పాఠాలు చెప్పాను. ఆఫీస్ అవర్స్ అని, పిల్లలు వచ్చి సందేహాలు అడగడానికి వారానికి రెండు గంటలు తలుపు తీసిపెట్టుకుని కూర్చునేదాన్ని. చాలా వారాలు ఒక్కరూ వచ్చేవారు కాదు. పరీక్ష ముందురోజు మాత్రం వరండా నిండిపోయేది, అప్పుడు ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు ఇవ్వడమే గగనం. నువ్వు రెండో వారంలోనే వెళ్లు. "ఏం అర్థం కాలేదు" అనొద్దు. నువ్వు ప్రయత్నించిన కాగితం పట్టుకెళ్లి, "ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను" అను. ఆ మాట విన్న మాస్టారు ఎవరైనా కుర్చీ చూపిస్తారు. భయంగా ఉంటే ముందు ట్యుటోరియల్ చెప్పే రీసెర్చ్ స్కాలర్లని అడుగు. తాము ఎక్కడ తడబడ్డారో వాళ్లకింకా గుర్తుంటుంది.

కోర్సు మొదటిరోజు ఇచ్చే సిలబస్ కాగితం పారేయకు. ఏ పరీక్షకి ఎన్ని మార్కులు, అటెండెన్స్ ఎంత ఉండాలి, కోర్సు మార్చుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, అన్నీ అందులోనో యూనివర్సిటీ రూల్స్‌లోనో ఉంటాయి. ఆ తేదీ దాటిపోయాక ఏడుస్తూ వచ్చిన పిల్లల్ని చూశాను. మంచి పిల్లలే, కానీ నేనేమీ చేయలేకపోయాను.

స్నేహాలు వాటంతటవే కలుస్తాయి, దాని గురించి ఎక్కువ చెప్పను. చదువుకి మాత్రం ఇద్దరు ముగ్గురుంటే చాలు. ఒకరు చెప్తుంటే మిగతావాళ్లు "ఎందుకు?" అని అడగాలి. ఆరుగురైతే కబుర్లే అవుతాయి.

ఎప్పుడైనా నిద్ర పట్టకపోయినా, క్లాసుకి వెళ్లబుద్ధి కాకపోయినా, డబ్బు సర్దుబాటు కాకపోయినా అది నీ చేతకానితనం అనుకోకు తల్లీ. పెద్ద యూనివర్సిటీల్లో కౌన్సెలర్లుంటారు, సాయం చేసే నిధులుంటాయి. ఆ గది ఎక్కడుందో అవసరం రాకముందే చూసిపెట్టుకో. నాకు ఏ రాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాను.

నెల తిరిగేసరికి నాకు ఉత్తరం రాయి. మార్కులు అక్కర్లేదు. ఎవరి తలుపు తట్టావో, నీ పెన్ను ఎక్కడ ఆగిందో రాయి.

నీ మేనత్త