పారిస్ జనాభా లెక్క తేడా ఎందుకొచ్చిందంటే

మీ అల్లుడుగారు ఉండే అమెరికా పారిస్‌కి రెండుచోట్ల రెండు జనాభా లెక్కలు కనిపించాయేమిటని అడిగారు కదా. మీరు చూసిన రెండు లెక్కలూ కరెక్టేనండీ, ఊళ్ళే వేరు; అమెరికాలో పారిస్ పేరుతో ఒకటి కంటే ఎక్కువ ఊళ్ళున్నాయి. ఒకచోట 24 వేలు, ఇంకోచోట 10 వేలు అని టెన్షన్ పడకండి. 2020 జనగణనలో టెక్సాస్ పారిస్‌కి సుమారు 24,500, టెనసీ పారిస్‌కి 10,300 దాకా వచ్చింది. కెంటకీలో, లెక్సింగ్టన్ పక్కన, గుర్రాల ఫారాల మధ్య ఇంకో పారిస్ ఉంది, దానిదీ పదివేల పైచిలుకే, అందుకే జనాభా చూసి ఊరు పోల్చుకోలేం. ఈఫిల్ టవర్ ఫొటో కూడా నమ్మకండి, టెక్సాస్‌లోనూ టెనసీలోనూ చిన్న నమూనాలు కట్టుకున్నారు (టెక్సాస్ వాళ్ళు దానికి ఎర్ర కౌబాయ్ టోపీ కూడా పెట్టారు!). మీ అల్లుడుగారి అడ్రస్‌లో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) చూడండి: 75460 అయితే టెక్సాస్, 38242 అయితే టెనసీ, 40361 అయితే కెంటకీ.