‘నిన్న కాశీబుగ్గ వెళ్లావట గదా?’

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రాజాంలో అత్తవారింట్లో దెబ్బలు తినలేక, నాలుగు నెలల కిందట ఏడేళ్ల పాపను తీసుకుని పలాస దగ్గరున్న కన్నవారింటికి వచ్చేశాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నాను. ఆయన రాత్రి తాగి ఫోన్ చేసి ఏడుస్తాడు. పొద్దున్నే మళ్లీ చేసి, ‘నిన్న కాశీబుగ్గ వెళ్లావట గదా, ఎవరితో?’ అంటాడు. మా వీధిలో ఎవరు మోస్తున్నారో తెలియడం లేదు. ఒక్కసారి రాజాం వచ్చి తగవులో కూర్చోమని పెద్దమనుషులు అంటున్నారు. వెళ్లాలా?

జవాబు: తగవు సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు ఆ కాశీబుగ్గ మాట తేలాలి. మీరు వీధిలోవాళ్లను అనుమానిస్తున్నారు. నేనైతే మీ చేతిలో ఫోన్‌నే ముందు అనుమానిస్తాను. అది కొన్నది ఎవరు? అందులో జీమెయిల్ ఎవరిది? చాలా ఇళ్లలో భర్త తన మెయిలే వేసేసి ఇస్తాడు, ఆమెకు పాస్‌వర్డ్ కూడా తెలియదు. పోయిన ఫోన్ వెతుక్కోవడానికి ఉన్న సదుపాయంతోనే ఆయన రాజాంలో కూర్చుని మీరెక్కడున్నారో చూడగలడు. మీ వాట్సాప్ ఇంకెక్కడ తెరిచి ఉందో ‘లింక్డ్ డివైజెస్’లో కనబడుతుంది. అది తెరిచి, మీకు తెలియనిదేమైనా ఉందేమో చూడండి. బ్యాంకు మెసేజ్‌లు ఎవరి నంబరుకు పోతున్నాయో కూడా కనుక్కోండి. కాశీబుగ్గ ఏటీఎంలో ఐదొందలు తీసినా ఆయనకు తెలిసిపోతుంది.

ఏదైనా కనబడగానే కంగారుపడి తీసేయకండి. దారి మూసుకుపోయిందని తెలిస్తే మనిషి నేరుగా గుమ్మంలోకి రావచ్చు. ముందు వేరే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, ఇంట్లో మగవాళ్లకు చెప్పండి. తర్వాత కొత్త సిమ్, కొత్త మెయిల్‌తో చవకది ఇంకో ఫోన్ పెట్టుకోండి. పాతది ఇంట్లోనే ఉండనివ్వండి. ఏడుపుతో సహా ఆయన పంపినవేవీ చెరపొద్దు.

ఇక తగవు. వెళ్లొద్దు. ఇల్లు వదిలేశాం, గండం గడిచిందనుకుంటాం గానీ, చాలామందికి వదిలాక వచ్చే నెలలే గడ్డువి. పిలుస్తున్నవాళ్లు మంచివాళ్లే కావచ్చు. ఆ రాత్రి మీరు ఏ ఇంట్లో పడుకోవాలో మాత్రం వాళ్లకు పట్టదు.

2005 గృహహింస చట్టం కింద మీరు ఇప్పుడున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులోనే కేసు వేయొచ్చు, రాజాం వైపు పోనక్కర్లేదు. ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే ఆఫీసులో అడిగితే, ఈ చట్టం కింద మీకు సాయపడే ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎవరో చెబుతారు. 15100కి చేస్తే లీగల్ సర్వీసెస్ వాళ్లు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేదు. ఊరికే ‘రక్షణ కావాలి’ అని రాయించకండి. ఫ్యాక్టరీకి, పాప బడికి రాకూడదని, ఫోన్ చేయకూడదని విడివిడిగా రాయించండి. ఆ ఆర్డరు దాటితే ఏడాది వరకు జైలు, ఇరవై వేల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

పాప తాత్కాలిక కస్టడీ కూడా అదే పిటిషన్‌లో అడగండి. ఆ కాగితం లేకపోతే, తండ్రి వచ్చి పంపమంటే బడిలో టీచరమ్మ ఆపలేకపోవచ్చు. ఈలోగా ఆవిడకు విషయం చెప్పి, మీ అమ్మగారికి తప్ప ఎవరికీ పంపొద్దని రాసివ్వండి.

ఆయన గేటు దగ్గర కనిపిస్తే 112. మిగతా మాటలకు మహిళా హెల్ప్‌లైన్ 181. రేపు భోజనం వేళ తోటి ఆవిడ ఫోన్ అడిగి తీసుకుని 181కి చేయండి. మీ ఫోన్‌తో మాత్రం వద్దు.