వెన్ను వంపు: 22 నుంచి 26కి పెరిగినట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. వెన్ను పక్కకు ఒంగిందని జనవరిలో ఎక్స్‌రే తీస్తే 22 డిగ్రీలన్నారు. జులైలో వేరే ఊళ్లో తీయిస్తే 26 వచ్చింది. బెల్టు వేయాలంటున్నారు. ఆర్నెల్లలో అంత పెరుగుతుందా?
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: పెరగొచ్చు, ఎదిగే వయసు కదా. కానీ పెరిగిందని ఈ రెండంకెలను బట్టి చెప్పలేం. వంపు పైకొసన, కిందికొసన బాగా వాలిన పూసలేవో చూసి, పైదాని పైఅంచు వెంట ఒక గీత, కిందిదాని కిందిఅంచు వెంట ఇంకో గీత గీస్తారు. ఆ గీతల మధ్య కోణమే కాబ్ కోణం. అమెరికా ఎముకల వైద్యుడు జాన్ కాబ్ 1948లో చెప్పిన పద్ధతి ఇది. చిక్కంతా కొస పూస ఏదన్న దగ్గరే. ఒకరు ఒక పూసను, ఇంకొకరు దాని కిందిదాన్ని పట్టుకుంటే ఒకే ఫిల్ములో 5 డిగ్రీల దాకా తేడా వస్తుంది. అందుకే 5 దాటితేనే నిజంగా పెరిగినట్టు లెక్క.

తీసే తీరులోనూ తేడాలొస్తాయి. పడుకోబెట్టి తీస్తే వంపు తక్కువ కనబడుతుంది; చెప్పులు విప్పించి, మోకాళ్లు వంచకుండా నిలబెట్టి తీయాలి. ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద తగిన మందం చెక్క పెట్టాలి, లేకపోతే నడుము ఒరిగి లేని వంపు కనబడుతుంది. కిరణాలు వీపు వైపు నుంచి వెళ్లేలా తీయమనండి, రొమ్ములకు రేడియేషన్ తగ్గుతుంది.

ఇప్పుడు మూడో ఎక్స్‌రే వద్దు. రెండు ఫిల్ములూ ఒకే వైద్యుడికి ఇచ్చి, రెండింట్లోనూ అవే పూసల మీద కొలవమనండి.

అయితే బెల్టు సంగతి ఆ 4 డిగ్రీలతో తేలేది కాదు. పాప ఇంకా ఎంత ఎదగాలన్నదే ముఖ్యం. రజస్వల అయిందా, తుంటి ఎముక పైఅంచున కనబడే రిస్సర్ దశ (0 అంటే ఎదుగుదల ఇంకా చాలా ఉంది, 5 అంటే ఆగింది) ఎంత అని అడగండి. 0, 1, 2 దశల్లో ఉండి వంపు 25 నుంచి 40 మధ్య ఉంటే సాధారణంగా బ్రేస్ వేస్తారు. 4, 5 అయితే దానితో ఒరిగేదేమీ ఉండదు. బ్రేస్ అంటే మందుల షాపులో దొరికే నడుము బెల్టు కాదు, ఒంటి కొలత తీసి చేసే గట్టి ప్లాస్టిక్ తొడుగు. అమెరికా, కెనడాల్లో జరిపి 2013లో వెలువరించిన పరీక్షలో, రోజుకు సగటున 13 గంటలో అంతకు మించో వేసుకున్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వంపు 50 డిగ్రీలకు (సాధారణంగా ఆపరేషన్ ఆలోచించే స్థాయికి) చేరలేదు. బడికి తీసేసి వెళితే అన్ని గంటలు రావడం కష్టం. బ్రేస్ ఉన్నా లేకున్నా, ఎదుగుదల ఆగేదాకా 4 నుంచి 6 నెలలకోసారి చూపించాలి.

ప్రశ్న: మా నాన్నకి మోకాలి నొప్పి. ఎక్స్‌రేలో గ్యాప్ బాగానే ఉందన్నారు. మరి గుజ్జు అరగలేదనేనా?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: పడుకోబెట్టి తీసిన ఫిల్మయితే ఆ మాట నమ్మొద్దు. ఎక్స్‌రేలో గుజ్జు కనబడదు, ఎముకల మధ్య ఖాళీయే కనబడుతుంది. బరువు పడనప్పుడు అరిగిన మోకాల్లోనూ ఆ ఖాళీ బాగానే ఉన్నట్టుంటుంది. రెండు కాళ్ల మీదా నిలబడి తీయించండి. అందులోనూ బాగుంటే, మోకాళ్లు 45 డిగ్రీలు వంచి నిలబడే ఫిల్ము ఒకటి అడగండి. అరుగుదల కీలు వెనక భాగంలో ఉంటే అందులోనే బయటపడుతుంది.