మలుపులో రోడ్డు ఎటు వాలి ఉందో చూశారా?

"మలుపుల్లో రోడ్డు బయటి అంచు ఎత్తుగా ఎందుకు కడతారు, దానివల్ల నిజంగా ప్రమాదాలు తగ్గుతాయా?" అని అడిగారు. తగ్గుతాయి. అది లేకపోతే ఏమవుతుందో మా కోనసీమ కాలవ గట్ల మీద చూస్తూనే ఉన్నాం.

మా ఊరి వంపులో కొబ్బరికాయల వ్యాను పల్టీ కొట్టి కాయలన్నీ కాలవలో తేలాయి. తాగి నడిపాడని కొందరు, నిద్రపోయాడని ఇంకొందరు. నడిపింది మా పెదనాన్న కొడుకు, తాగుడు అలవాటే లేదు. మర్నాడు మేస్త్రి దగ్గర నీళ్ళ లెవెల్ పైపు తెచ్చి ఒక కొస రోడ్డు నడిమధ్యన, ఇంకో కొస కాలవ వైపు అంచున పట్టాం. ఎత్తుగా ఉండాల్సిన అంచు నాలుగు వేళ్ళు దిగువన ఉంది! కొత్త తారు వేసినప్పుడు తిన్నటి రోడ్డుకి పెట్టే మధ్య ఎత్తునే మలుపులోనూ లాక్కుపోయారు.

లెక్క చూడండి. మలుపులో బండి బయటికి జారిపోకుండా కొంత రోడ్డు వాలు, మిగతాది టైర్ల రాపిడి ఆపాలి. మైదాన ప్రాంతంలో 7 శాతం దాకా వాలు ఇవ్వొచ్చు. 7 మీటర్ల రోడ్డుకి అంటే బయటి అంచు లోపలి అంచు కన్నా 49 సెంటీమీటర్లు పైన. 150 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో 60 కిలోమీటర్ల స్పీడుకి అప్పుడు టైర్లు పట్టాల్సిన రాపిడి బండి బరువులో 0.12 వంతు. వాలు రెండున్నర శాతం బయటికి ఉంటే 0.21 కావాలి. డిజైన్‌లో ఒప్పుకునేదే 0.15. పైగా చేపల లారీలు దారంతా నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. వాళ్ళని అడిగే నాథుడే లేడు.

ఆ అరమీటరు ఎత్తు ఒక్కసారిగా లేపకూడదు. రోడ్డు పొడవునా 150 మీటర్లకి 1 మీటరు చొప్పున, లోపలి అంచు కదలకుండా లేపితే పట్టే దూరం 70 మీటర్లు దాటుతుంది. ట్రాన్సిషన్ అంటే అదే, వంపు కూడా ఆ దూరంలోనే మెల్లగా బిగుసుకోవాలి. గట్టు రోడ్లకి అది ఎక్కడిది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పెరిగిన కాలవల గట్లే చాలా చోట్ల మన రోడ్లయ్యాయి. ఆ వంపులు నీళ్ళకీ పడవలకీ సరిపోయాయి, లోడు బళ్ళకి కాదు.

మీ ఊళ్ళో అనుమానం ఉంటే వానలో చూడండి. మలుపులో నీళ్ళన్నీ లోపలి అంచుకే రావాలి. బయటికి పోతుంటే వీడియో తీసి, లెవెల్ కొలతతో సహా అర్జీ పెట్టండి. "నెమ్మదిగా వెళ్ళండి" అని బోర్డు పాతి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి, ఆ తారు చెక్కి మళ్ళీ వాలు కట్టమని అడగండి.